కాలు పెట్టిన నీళ్ళు

ఆర్డెల్లా ఎడమ పాదం నీళ్ళలో మునిగి పట్టుమని పది క్షణాలు కాలేదు, ఈతకొలనులో ఉన్న తెల్లవాళ్ళందరూ పామును చూసినట్టు బయటికి ఎగబాకారు. నూటయాభై మందికి తక్కువుండరు. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయారు. పొట్టలు వేలాడేసుకున్న పెద్దమనుషులు నిచ్చెన దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు. ఒకావిడ గట్టెక్కాక ఒళ్ళు తుడుచుకోవడం కాదు, తువ్వాలుతో బరబరా రుద్దుకోవడం మొదలుపెట్టింది. చర్మం కందిపోయినా ఆపలేదు. ఆర్డెల్లా పదహారేళ్ళ నల్లపిల్ల. తనని చూసి ఇంతమంది ఇంత పరుగు పెట్టడం ఆమె ఎన్నడూ ఎరగదు. భయపడాల్సిన పిల్లకు భయం వెయ్యలేదు, రోత పుట్టింది.

ఆమెతో పాటు గట్టు మీద కూర్చుని కాళ్ళు తడుపుకున్నవాళ్ళు ఇంకా నలుగురున్నారు. అందరూ బడిపిల్లలే. ఈ రోజు కోసమే చర్చి నేలమాళిగలో రెండు నెలల పాటు ఒకళ్ళ చేత ఒకళ్ళు తిట్టించుకుని, ఉమ్మించుకుని, జుట్టు పట్టి లాగించుకుని, అయినా చెయ్యెత్తకుండా కూర్చోవడం నేర్చుకున్నారు. అందరిలోకీ పెద్దవాడు లోనీ గాడ్స్‌డెన్, పదిహేడేళ్ళవాడు. పోలీసులు వచ్చి మెడ పట్టి లేపుతుంటే వాడు మిగతావాళ్ళతో గట్టిగా అన్నాడు.

"నీళ్ళు చల్లగా బావున్నాయర్రా! ఇన్నాళ్ళూ మనకి చెప్పకుండా దాచుకున్నారు చూడండి."

సాయంత్రానికి పిల్లల్ని వదిలేశారు. ఎల్బర్ క్రీక్ పట్టణ పెద్దలు మాత్రం ఆ పూటే సమావేశమై తీర్మానం చేశారు. కొలను నీళ్ళన్నీ తోడి పారబొయ్యాలి, గోడలూ అడుగూ యాసిడ్ పోసి తోమాలి, కొత్త నీళ్ళు నింపాలి. అప్పటిదాకా ఎవరూ దిగకూడదు. తోమే మనిషి ఎవరో తీర్మానంలో రాయలేదు. రాయక్కర్లేదు, ఊరందరికీ తెలుసు. అతను రాస్కో పింక్నీ, ఆర్డెల్లా తండ్రి.

అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని ఆ ఊరి పెద్దమనుషుల బుర్రలు ఎలా పనిచేసేవో తెలియాలంటే ఈ ఒక్క సంగతి చాలు. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే రాస్కో ఆ కొలనులో ఛాతీ లోతు దిగి ఆకులు ఏరేవాడు, పాచి గీకేవాడు. అతని చెమటా ఉమ్మీ ఆ నీళ్ళలోనే కలిసేవి. పది గంటలకు దొరలూ దొరసానులూ వచ్చి ఆ నీళ్ళలోనే జలకాలాడి, గుటకలు కూడా మింగి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఎవరికీ ఏ అంటూ అంటలేదు. చేతిలో బ్రష్షున్న నల్లవాడు వాళ్ళ కంటికి మనిషిగా ఆనేవాడు కాదు, చీపురులాగా బకెట్టులాగా ఒక సామాను. అతని కూతురు ఉత్త చేతులతో వచ్చి పాదం ముంచేసరికి మాత్రం లక్షల గ్యాలన్ల నీళ్ళు మైలపడిపోయాయి.

మర్నాడు ఆర్డెల్లా కంచె అవతల నిలబడి చూసింది. కొలను ఖాళీ చెయ్యడం అంత సులువు కాదు. పాతకాలం కట్టడం. తొమ్మిది అడుగుల లోతున, అడుగున ఇనుప మూత ఉంటుంది. కొక్కెం తీసుకుని ములిగి, ఊపిరి బిగబట్టి, దాన్ని ఒక పక్కకు తిప్పి లేపాలి. ఆ కిటుకు రాస్కో ఒక్కడికే తెలుసు. అతను పనిబట్టలతోనే దూకాడు. చాలాసేపు పైకి రాలేదు. ఆర్డెల్లా కంచె తీగ పట్టుకుని లెక్కపెట్టింది. నలభై దాటాక తల తేలింది. నాన్నకు ఈత వచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

పార్కుల అధికారి హాస్కెల్ గట్టు మీద తెల్ల బూట్లతో నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. నలభై ఆరేళ్ళ రాస్కోని వాడు ఏనాడూ ఒరేయ్ అనకుండా పిలిచిన పాపాన పోలేదు.

"ఒరేయ్ రాస్కో, బాగా తోమాలిరోయ్. నీ కూతురి మురికి ఒక్క చుక్క కూడా మిగలకూడదు."

"అలాగే దొరా."

ఆర్డెల్లాకు హాస్కెల్ మాట కన్నా తండ్రి జవాబు ఎక్కువ రోత పుట్టించింది. ఆ మర్నాడు ఖాళీ కొలనులో ఆయన మోకాళ్ళ మీద వంగి, అంగుళం అంగుళం జరుగుతూ తోముతుంటే, తన ఒంటినే గోడ మీంచి గీకి తీసేస్తున్నట్టు అనిపించింది. అది చేస్తున్నది కన్నతండ్రి. ఆమె అక్కడ నిలబడలేకపోయింది.

ఆ సాయంత్రం బల్ల మీద ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే ఉన్నాయి. ఆర్డెల్లా ముట్టుకోలేదు.

"ఇవాళ నన్నే కదా నాన్నా కడిగింది?" అంది.

"గోడలు కడిగాను. తిను."

"వాడన్నదానికి అలాగే దొరా అన్నావు. విన్నాను."

"వింటే విన్నావు. ఆ అలాగే దొరాతోనే వచ్చింది నీ పళ్ళెంలో రొట్టె."

తల్లి ఎర్లీన్ మధ్యలో అందుకుంది. "చాలు, ఇద్దరూ నోళ్ళు మూసుకుని తినండి. మీ నాన్న వద్దంటే రేపు ఇంకెవణ్ణో తెచ్చుకుంటారు. మనకి ఆ పనీ పోతుంది, పనితో ఇచ్చిన ఈ కొంపా పోతుంది. నీ గోడ మాత్రం ఎవడో ఒకడు తోమనే తోముతాడు."

ఆ మాట నిజమే. నిజమైనందుకే ఆర్డెల్లా పళ్ళెం పక్కకు నెట్టి లేచిపోయింది.

మూడో రోజుకి కొలను నిండింది. అప్పుడు లోనీ చర్చి నేలమాళిగలో అందరినీ కూర్చోబెట్టాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

"ఒక్క కాలికి మూడు రోజులు! అర్థమైందా? తోడటానికి ఒక రోజు, తోమటానికి ఒకటి, నింపటానికి ఒకటి. మనం అయిదుగురం వెళ్ళక్కర్లేదు. వాళ్ళు తెరిచినప్పుడల్లా ఒక్కళ్ళం వెళ్ళి ఒక్క కాలు ముంచితే చాలు. ఎండలు పోయేదాకా ఒక్క తెల్లోడు ఈదలేడు. ఆఖరికి వాళ్ళే రాజీకొస్తారు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆర్డెల్లా కొట్టలేదు. లోనీకి అప్పుడు తట్టింది.

"అయ్యో, మీ నాన్న కదూ తోమేది," అన్నాడు మెల్లగా. "నువ్వు వద్దంటే ఆపేద్దాం ఆర్డెల్లా. నీ మీద ఒట్టు."

వద్దు అందామనే నోరు తెరిచింది. ఎదురుగా వాష్టీ మోబ్లీ కూర్చుని ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందట దాని తమ్ముడు ఎండకు తాళలేక పాత రాతిగనుల గోతిలో ఈతకు దిగి మళ్ళీ పైకి రాలేదు. నల్లపిల్లలకు ఆ గొయ్యి తప్ప ఊళ్ళో నీళ్ళే లేవు. వాష్టీ బతిమాలలేదు, ఏడవలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది.

"కానీండి," అంది ఆర్డెల్లా.

"ఈసారి నేను," అంది వాష్టీ.

"ఎలా వెళ్తావే? వెనక గేటుకు తాళాలేశారు. ముందు గేటు దగ్గర పోలీసు," అన్నాడు లోనీ.

"ముందు గేటులోంచే వెళ్తా. చూడు."

వాష్టీ వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇంట్లో ఆయా. ఆ పిల్ల వాళ్ళమ్మ గౌనూ, తెల్ల ఏప్రనూ వేసుకుని, తలమీద కుచ్చు టోపీ పెట్టుకుని, ఎక్కడో పాత పిల్లలబండి సంపాదించి, అందులో చుట్టచుట్టిన తువ్వాలు పడుకోబెట్టి, జోలపాట కూనిరాగం తీస్తూ బయల్దేరింది. దొరల బిడ్డను తోసుకొచ్చే ఆయాను ఆ ఊళ్ళో ఎక్కడా ఎవడూ ఆపడు. పోలీసు తనే గేటు తీసి పట్టుకున్నాడు. పైగా, "ఎండ తగలనీకు పాపకి" అని జాగ్రత్త కూడా చెప్పాడు. వాష్టీ "అలాగే దొరా" అని లోపలికి పోయి, బండి గట్టు మీద ఆపి, చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా ముంచింది. మళ్ళీ అవే కేకలు, అవే పరుగులు. ఎవరో గబగబా బండిలోని బిడ్డను కాపాడబోయి, తువ్వాలు బయటికి తీసి తెల్లబోయారట.

ఈ కథ విని నల్లవాళ్ళ పేట అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆర్డెల్లా కూడా నవ్వింది. తండ్రి ఇంటికి వచ్చాక నవ్వు ఆగిపోయింది.

ఈసారి యాసిడ్ రెండింతలు చిక్కగా కలపమన్నారు. చేతి తొడుగులు ఇవ్వలేదు. రాస్కో వేళ్ళ మధ్య తోలు ఊడి లోపలి మాంసం కనిపిస్తోంది. మోకాళ్ళు వాచి పాంటు పైకి రావడం లేదు. ఆర్డెల్లా పంది కొవ్వు తెచ్చి చేతులకు రాస్తుంటే ఘాటైన యాసిడ్ కంపు ముక్కుకు కొట్టింది. ఆమెకు ఊరి మీద అసహ్యం వేసింది, హాస్కెల్ మీద వేసింది, తిప్పితిప్పి తన మీదే వేసింది. కాలు తడుపుకునేది ఒకళ్ళు, చేతులు కాల్చుకునేది ఇంకొకళ్ళు. ఇదేం పోరాటం అనుకుంది.

"మానేస్తాం నాన్నా. లోనీతో చెప్పేస్తాను."

"ఎవరు మానెయ్యమన్నారు నిన్ను?"

"నీ చేతులు చూసుకో ఒకసారి!"

"నా చేతులు నాకు తెలుసులే." రాస్కో కూతురి వైపు తిరిగాడు. "మోబ్లీ వాళ్ళ పిల్లాణ్ణి ఆ గోతిలోంచి ఎవరు తీశారనుకున్నావు?"

"తాళ్ళేసి తీశారన్నారు కదా."

"తాడు దానంతటది దిగి కట్టుకుంటుందా? రెండుసార్లు ములిగినా దొరకలేదు. మూడోసారి దొరికాడు. మీ మీటింగుల్లో వాష్టీ తమ్ముడు, వాష్టీ తమ్ముడు అంటారు. నేను ఎత్తుకున్నాను వాణ్ణి." అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కాలు పెడతారో, తల పెడతారో, మీ ఇష్టం. నన్ను చూసి ఆగకండి. కానీ నేను తోముతున్నప్పుడు వచ్చి కంచె దగ్గర అలా మొహం పెట్టుకుని నిలబడకు. మిగతావాళ్ళంతా చూడనే చూస్తున్నారు, నువ్వు కూడా ఎందుకు?"

ఆర్డెల్లాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆమెకు ఇప్పుడు ఒక్కటే కావాలి. ఆ కొలను తెరుచుకున్నా, మూసుకున్నా, తన తండ్రి ఇంకోసారి ఆ అడుగున మోకరిల్లకూడదు. అదెలా జరుగుతుందో మాత్రం తెలియదు.

జూలై నాలుగో తారీకు వచ్చింది. దేశానికి స్వాతంత్ర్య దినం. కొలను మళ్ళీ తెరవడానికి పట్టణ పెద్దలు ఆ రోజే ముహూర్తం పెట్టుకున్నారు. బ్యాండు మేళం, జెండాలు, నిమ్మరసం పీపాలు. కంచె చుట్టూ పోలీసుల్ని మనిషికి మనిషి ఆనించి నిలబెట్టారు. ఆయాల్ని కూడా గేటు బయటే ఆపేశారు. లోనీనీ, మిగతా ఇద్దర్నీ వీధి మలుపులోనే పట్టుకుని వ్యానెక్కించారు. ఆర్డెల్లా, వాష్టీ రోడ్డుకు అవతలి పక్క నుంచి కంచె సందుల్లోంచి చూడటం తప్ప చెయ్యగలిగిందేమీ లేకపోయింది.

పైన్ చెట్ల సూదులు రాలి నీళ్ళ మీద తేలుతున్నాయి. హాస్కెల్‌కు అది చిన్నతనంగా తోచి, "రాస్కో, దిగు దిగు, తొందరగా ఏరెయ్" అని తరిమాడు. రాస్కో పొడుగు కర్రవల పట్టుకుని నడుం లోతు నీళ్ళలో దిగి ఆకులు పోగుచేస్తున్నాడు. మేయరు వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు.

"పౌరులారా! ఈ ఉదయం నేను మీకు గర్వంగా హామీ ఇస్తున్నాను. ఈ నీళ్ళను ఏ నీగ్రో ఒళ్ళూ తాకలేదు. కన్నతల్లి పాలంత స్వచ్ఛంగా ఉన్నాయి!"

నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. నడుం దాకా ఆ నీళ్ళలో నిలబడ్డ నల్లమనిషి వాళ్ళందరి కళ్ళ ముందే ఉన్నాడు. ఒక్కరంటే ఒక్కరికి నవ్వు రాలేదు, అనుమానం రాలేదు. వాష్టీ పక్కకు తిరిగి గట్టర్లో ఉమ్మేసింది.

"వీళ్ళకి కళ్ళు పొయ్యాయా?" అంది.

రాస్కో చెయ్యి ఆగింది. తల తిప్పి వేదిక వైపు చూశాడు. తరవాత కర్రవలను గట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు. ఆకులు అందుకోవడానికి వెళ్తున్నట్టే రెండడుగులు లోతుకు నడిచి, చేతులు బార్లా చాపి, నీళ్ళ మీద వెల్లకిలా పడుకున్నాడు.

జనం మొదట పట్టించుకోలేదు. పనివాడు ఏదో పని చేస్తున్నాడనే అనుకున్నారు. రాస్కో కళ్ళు మూసుకుని తేలుతున్నాడు. మెల్లగా కాళ్ళు ఆడించి కొలను మధ్యకు వెళ్ళాడు. అక్కడ బోర్లా తిరిగి, పొడుగాటి బారలు వేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు ఈదాడు. తొందర లేదు. గోడ తాకి వెనక్కి తిరిగాడు. అప్పుడొక ఆడమనిషి కెవ్వుమంది.

"ఈదుతున్నాడు! వాడు ఈదుతున్నాడు!"

బ్యాండు మేళం ఆగిపోయింది. హాస్కెల్ గట్టు వెంబడి పరుగెత్తాడు. "ఒరేయ్! నీకేమన్నా పిచ్చెక్కిందా? బయటికి రా! నీళ్ళు తోడెయ్, ఇప్పుడే తోడెయ్!"

రాస్కో రెండో గోడ కూడా తాకాకే నిచ్చెన ఎక్కాడు. నీళ్ళు కారుతూ హాస్కెల్ ఎదుట నిలబడ్డాడు.

"తోడాలంటే అడుక్కి ములగాలి హాస్కెల్. నాకింక ఓపిక లేదు. నువ్వు ములుగు."

దొర అనలేదు. గారు కూడా అనలేదు. రోడ్డు అవతల ఉన్న ఆర్డెల్లాకు మాట వినపడలేదు, హాస్కెల్ మొహం ఎర్రబడటం మాత్రం కనిపించింది. పోలీసులు రాస్కోని గట్టు మీదే పడేసి కొట్టారు. చేతులు విరిచికట్టి ఈడ్చుకెళ్తుంటే ఆయన కూతురి కోసం వెతుక్కున్నాడు. ఆమె చెయ్యి పైకెత్తింది.

శాంతిభద్రతలకు భంగం కలిగించాడని నలభై రోజులు వేశారు. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఎర్లీన్ సామాన్లు మూటగట్టి వాష్టీ వాళ్ళింట్లో పెట్టింది. సణుగుతూనే కట్టింది, కానీ ఒక్కసారి కూడా ఎందుకు చేశాడు అనలేదు.

ఈలోగా కొలను అలాగే ఉంది. మూత తెరవాలంటే నీళ్ళలోకి దిగాలి. దిగే తెల్లవాడు దొరకలేదు. ఈత మాస్టర్లుగా ఇద్దరు కండలు తిరిగిన కుర్రాళ్ళుండేవాళ్ళు. వాళ్ళను అడిగితే, "ఛీ, ఆ నీళ్ళలోనా? మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు" అన్నారు. ఫైరింజన్ పంపు పెట్టించబోతే ఆ శాఖ పెద్ద అడ్డం తిరిగాడు. ఆ గొట్టాలతో రేపు తెల్లవాళ్ళ ఇళ్ళ మీద నీళ్ళు కొట్టాలి, ఈ పాడు నీళ్ళు వాటిలోకి ఎక్కనివ్వనన్నాడు. నల్లవాళ్ళ పేటకు వచ్చి మనుషుల్ని అడిగారు. పోలీసులు వదిలేశాక లోనీ, మిగతా పిల్లలూ అప్పటికే ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉంచారు. అందరికీ ఒక్కసారిగా ఈత రాకుండా పోయింది. రాతిగోతిలో ఈత నేర్చిన కుర్రాళ్ళ దగ్గర్నుంచి వేరే ఊళ్ళ రేవుల్లో పడవల మీద పనిచేసొచ్చినవాళ్ళ దాకా, "నీళ్ళంటే భయం దొరా" అనేవాళ్ళే.

చివరికి హాస్కెల్ జైలుకే వచ్చాడు. అప్పుడు ఆర్డెల్లా తండ్రిని చూడటానికి వెళ్ళి ఊచల ఇవతల కూర్చుని ఉంది. హాస్కెల్ టోపీ తియ్యలేదు.

"ఒక్కసారి ములిగి మూత తియ్యి రాస్కో. నీ ఉద్యోగం నీకిస్తాం, ఇల్లూ ఇస్తాం. మిగతా శిక్ష కూడా మాఫీ చేయిస్తాను."

ఇల్లు. అమ్మ మూటల మీద పడుకుంటోంది. ఆర్డెల్లా తండ్రి వైపు చూడలేక నేల చూపులు చూసింది.

"తోడాక ఎవరు ఈదుతారు?" అన్నాడు రాస్కో.

"అదేం ప్రశ్న?"

"నా కూతురు ఈదుతుందా?"

హాస్కెల్ ఏదో కుళ్ళిన సరుకు వాసన చూసినట్టు మొహం పెట్టాడు. రాస్కో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆగస్టు వచ్చేసరికి నీళ్ళు పచ్చబడ్డాయి. ఆపైన నల్లబడ్డాయి. కప్పలు చేరాయి, దోమలు ముసిరాయి. ఎండకు ఉడికి లేచిన కంపు పార్కు దాటి దొరల వీధుల్లోకి పాకింది. కిటికీలు మూసుకుని కూర్చున్నారు గానీ రాజీ మాట ఎవరి నోటా రాలేదు. అందరూ కలిసి ఈదడమా, ఎవరూ ఈదకపోవడమా అని పెద్దలు మళ్ళీ సమావేశమయ్యారు. రెండోదానికే చేతులెత్తారు. ఒక్కటంటే ఒక్క చెయ్యి దిగి ఉండలేదు.

రాస్కో విడుదలైన రోజున మట్టి లారీలు వచ్చాయి. జైలు నుంచి వాష్టీ వాళ్ళింటికి దారి పార్కు పక్కనుంచే. తండ్రీ కూతుళ్ళు కంచె దగ్గర ఆగారు. తోడని నీళ్ళలోనే లారీల కొద్దీ ఎర్రమట్టి దిమ్మరిస్తున్నారు. మట్టి పడ్డప్పుడల్లా కుళ్ళు నీళ్ళు గట్టు దాటి పొర్లి, తెల్లరాళ్ళ బాట మీదుగా, గులాబీ పాదుల్లోంచి, రోడ్డు మీదికి కారుతున్నాయి. చచ్చిన కప్పలు తెల్లటి పొట్టలు పైకెట్టి కొట్టుకొస్తున్నాయి. హాస్కెల్ ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని, "ఇంకా పొయ్యండి, ఇంకా!" అని అరుస్తున్నాడు. ఈత బట్టలేసుకున్న తెల్లపిల్లలు కొందరు దూరంగా నిలబడి ఏడుస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు వాళ్ళ ఏడుపు కన్నా ఆ మట్టి వైపే తృప్తిగా చూస్తున్నారు.

ఆర్డెల్లా కంచె పట్టుకుని వంగి వాంతి చేసుకుంది. రాస్కో వీపు నిమిరాడు. ఆయన వేళ్ళ తోలు ఇంకా గరుగ్గానే ఉంది.

"ఇంతేనా నాన్నా?" అంది నోరు తుడుచుకుంటూ. "మనకి లేకపోతే పోనీ, వాళ్ళ పిల్లల నోట్లో కూడా మట్టి కొట్టుకున్నారు. ఇంత చేస్తే చివరికి మిగిలిందేంటి? ఎవరూ ఈదలేదు."

రాస్కో మరో లారీ ఖాళీ అయ్యేదాకా చూశాడు.

"ఎవరూ ఏంటి," అన్నాడు. "ఆఖర్న ఈదింది నేనే కదా."